వరంగల్‌కి డ్రై పోర్ట్ వస్తే ఊరు బాగుపడుతుందా? – తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణకి డ్రై పోర్ట్, అక్కణ్ణుంచి బందరు రేవుకి రోడ్డు, రైలు అన్న మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. ప్రభుత్వం ముఖ్యంగా మాట్లాడేది హైదరాబాద్ చుట్టుపక్కల గురించి. నేను వరంగల్‌లో మిర్చి ఎగుమతి కాగితాల పని చేస్తుంటాను కాబట్టి, ‘మరి మనకెప్పుడు?’ అని అడిగేవాళ్ళు రోజుకొకరైనా తగులుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నాను.

డ్రై పోర్ట్ అంటే ఏంటి? ఓడ రాని చోటుని పోర్ట్ అనడమేంటి?

ఓడ రాదు. ఓడ ఎక్కేముందు జరగాల్సిన పనులు చాలావరకు ఇక్కడే జరుగుతాయి. కంటైనర్ దించడం, సరుకు నింపడం, కస్టమ్స్ వాళ్ళు చూసి అనుమతివ్వడం, సీలు వేయడం, రైలెక్కించడం. సర్కారు కాగితాల్లో దీని పేరు ఇన్‌లాండ్ కంటైనర్ డిపో, పొట్టిగా ఐసీడీ. 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద నోటిఫై చేస్తేనే ఆ హోదా వస్తుంది. హైదరాబాద్ సనత్‌నగర్‌లో పట్టాల పక్కన రంగురంగుల ఇనప డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి చూడండి, అదే.

ఎగుమతిదారుకి ఇందులో వచ్చే అసలు లాభం ఏంటంటే, కస్టమ్స్ అనుమతి ఊళ్ళోనే చేతికొస్తుంది. సీలు చెక్కుచెదరకుండా ఉంటే రేవులో మామూలుగా ఆ డబ్బా మళ్ళీ విప్పరు. అధికారికి ఏదైనా అనుమానం వస్తే, చెన్నైలోనో ముంబైలోనో మనకి ముఖపరిచయం లేని మనిషిని ఫోన్లో బతిమాలాల్సిన పని ఉండదు. స్కూటరేసుకుని వెళ్ళి మాట్లాడి రావచ్చు.

ఇది కొత్త ఆలోచనా?

కాదు. దేశంలో మొదటి డిపో 1981లో బెంగళూరులో పెట్టారు. 1989లో రైల్వేల కంటైనర్ల సంస్థ కాన్‌కార్ పని మొదలుపెట్టినప్పుడు రైల్వేల నుంచి ఏడు డిపోలు తీసుకుంది. ఆ ఏడింట్లో మన గుంటూరు, అనపర్తి కూడా ఉన్నాయి! ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. బెంగళూరు డిపో తర్వాత వైట్‌ఫీల్డ్‌లో పెద్దదైంది. ఇవాళ గుంటూరు పేరెత్తితే మిర్చి యార్డు గుర్తొస్తుంది, పొగాకు గుర్తొస్తుంది గానీ కంటైనర్ డిపో ఎవరికీ గుర్తు రాదు. బోర్డు ఒకటే, రైలూ ఒకటే. బెంగళూరులో మాత్రం ఎగుమతి సరుకు, దిగుమతి సరుకు రెండూ పెరుగుతూ పోయాయి.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ విషయంలో ఓరుగల్లు వాళ్ళే ముందున్నారు. 1244-45లో కాకతి గణపతిదేవుడు సముద్రం ఒడ్డున మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. గాలివానకి దారి తప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పాత రాజులు లాక్కునేవాళ్ళు. ఇకమీదట సుంకం తప్ప ఏమీ తీసుకోం అని అందులో మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి అని లెక్క కూడా చెక్కించాడు. రాజధానికి సముద్రం లేదు కానీ వర్తకుడి భయం ఏంటో రాజుకి తెలుసు. ఖర్చు ముందే తెలియాలి, సరుకు మధ్యలో పోకూడదు. ఇవాళ మన ఎనుమాముల మార్కెట్ యార్డులో ఏ ఎగుమతిదారుని కదిపినా ఈ రెండే అడుగుతాడు.

ఇప్పుడు వరంగల్ మిర్చి రేవుకి ఎలా వెళ్తోంది?

కొంత సరుకు గుంటూరు, ఖమ్మం వర్తకుల చేతికి వెళ్ళి అక్కణ్ణుంచి ఎగుమతవుతుంది. ఇక్కడే నింపేదైతే ఇలా ఉంటుంది. బయటి నుంచి ఖాళీ నలభై అడుగుల డబ్బా ట్రైలర్ మీద తెల్లవారుజామున కోల్డ్ స్టోరేజీ దగ్గరికొస్తుంది. ముందు ఒక మనిషి లోపలికెళ్ళి బయటి నుంచి తలుపులు మూయించుకుంటాడు. లోపల కటిక చీకటి. ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనబడిందా, ఆ డబ్బా పనికిరాదు. సముద్రం మీద వాన పడితే అక్కణ్ణుంచే నీళ్ళు దిగుతాయి. తర్వాత వాసన చూస్తాడు. తర్వాత నేలకీ గోడలకీ మందపాటి ఖాకీ కాగితం పరిచి, తేమ పీల్చే సంచులు వేలాడదీస్తారు. అప్పుడు హమాలీలు బస్తాలు మోయడం మొదలవుతుంది. మిర్చి తేలిక, బరువు కంటే ముందు జాగా నిండిపోతుంది. అందుకే చివరి వరసలు ఒకరి భుజం మీద ఒకరెక్కి కుక్కుతారు.

ఒకసారి మాకొచ్చిన డబ్బాలో చేపల మేత వాసన. తలుపు తీయగానే తెలిసిపోయింది. ఏ షిప్పింగ్ లైన్ అనేది ఎందుకులెండి, వాళ్ళు ‘కడిగించే పంపాం’ అన్నారు. వెనక్కి పంపి ఇంకోటి తెప్పించేసరికి రెండు రోజులు. ఓడ కటాఫ్, అంటే రేవులో డబ్బా అప్పగించాల్సిన ఆఖరి గడువు, దాటిపోయింది. తర్వాతి ఓడ వారం తర్వాత. ఆ వారం సరుకు అద్దె, ట్రైలర్ వెయిటింగ్, కొనేవాడి సణుగుడు అన్నీ మా నెత్తిన. ఖాళీ డబ్బాల యార్డు ఊళ్ళోనే ఉంటే అరగంటలో తేలిపోయే పని అది. డ్రై పోర్ట్ వల్ల ఏం ఒరుగుతుంది అని ఎవరడిగినా నాకు ముందు ఆ వాసనే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2017 నుంచి అనుమతి తీసుకున్న ఎగుమతిదారు తన గోడౌన్‌లోనే డబ్బా నింపి, ఎలక్ట్రానిక్ సీలు తనే వేసుకుని నేరుగా రేవుకి పంపుకోవచ్చు. అంటే డ్రై పోర్ట్ ఇస్తానన్న సుఖాల్లో ఒకటి, అది లేకుండానే సగం వచ్చేసింది. ఉపన్యాసాల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

వరంగల్‌లో డ్రై పోర్ట్‌కి సరిపడా సరుకు ఉందా?

అసలు ప్రశ్న ఇదే. లెక్క వేద్దాం.

మన దేశంలో కంటైనర్ రైలుకి మామూలుగా 45 వ్యాగన్లు. ఒక్కో వ్యాగన్ మీద ఒక నలభై అడుగుల డబ్బా పడుతుంది, లేదా రెండు ఇరవై అడుగులవి. ఇరవై అడుగుల డబ్బాని ఒకటిగా లెక్కేస్తే (దీన్నే టీఈయూ అంటారు) రైలుకి 90. వారానికి ఒక్క రైలు నిండుగా పోవాలన్నా ఏడాదికి 4,680 టీఈయూల ఎగుమతి సరుకు కావాలి. అదే రైలు నిండుగా తిరిగి రావాలంటే దిగుమతి సరుకు ఇంకో 4,680.

టన్నుల్లో చూద్దాం. నలభై అడుగుల డబ్బాకి సగటున 20 టన్నులు అనుకుంటే రైలుకి 900 టన్నులు. ఏడాదికి దాదాపు 47 వేల టన్నులు. ఎనుమాముల యార్డుకి సీజన్‌లో వచ్చే బస్తాల వరసలు చూసినవాళ్ళు ‘ఇదేం పెద్ద లెక్క’ అంటారు. అయితే యార్డుకొచ్చిందల్లా ఎగుమతి కాదు. మిర్చిలో చాలా భాగం దేశంలోని కారం మిల్లులకే పోతుంది. పత్తి జిన్నింగయ్యాక ఎక్కువగా మన స్పిన్నింగ్ మిల్లులకే చేరుతుంది. బియ్యం చాలావరకు ప్రభుత్వ గోదాముల దారి. కరీంనగర్ గ్రానైట్ బండలైతే డబ్బా ఎక్కవు. వ్యాగన్ల మీద బండలుగానే కాకినాడ రేవుకి పోతాయి, కోసి పలకలు చేస్తేనే కంటైనర్‌లోకి వస్తాయి.

పైగా మిర్చి ఫిబ్రవరి నుంచి మే దాకా ఉరుకులు పరుగులు. ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీలోంచి కొంచెం కొంచెంగా వస్తుంది. రైలుకి సీజన్ లేదు కదా. శ్రావణమాసంలో సగం ఖాళీగా వెళ్ళాల్సిందే.

మెగా టెక్స్‌టైల్ పార్క్ ఉంది కదా?

ఉంది. నా ఆశ నిజానికి దాని మీదే. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్‌కి 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం తన టెక్స్‌టైల్ పార్కుల పథకం పీఎం మిత్రలో దీన్ని చేర్చింది. పిల్లల బట్టలు కుట్టి అమెరికాకి పంపే కేరళ కంపెనీ కైటెక్స్, కొరియా కంపెనీ యంగ్‌వన్ ఇక్కడికొచ్చాయి.

బట్టల ఫ్యాక్టరీ మిర్చి లాంటిది కాదు. ఏడాది పొడవునా పంపుతుంది. గుడ్డ, జిప్పులు, యంత్రాలు తెప్పించుకుంటుంది కూడా. అంటే డబ్బా నిండుగా వచ్చి, ఖాళీ అయ్యి, మళ్ళీ నిండుగా పోతుంది. డ్రై పోర్ట్ నడిపేవాడికి ఇంతకంటే మంచి గిరాకీ ఉండదు. పార్కులో షెడ్లు ఎన్ని లేచాయి, మిషన్లు ఎన్ని తిరుగుతున్నాయి అన్నది చూస్తూ ఉండండి. డ్రై పోర్ట్ సంగతి అక్కడే తేలుతుంది.

ఈ ‘ఖాళీ డబ్బాల’ గొడవ ఏంటి? అందరూ అదే అంటారు.

ఆటో సంగతి తెలుసుగా. తిరుగు గిరాకీ దొరకని ఊరికి రమ్మంటే ఆటోవాడు రెండింతలు అడుగుతాడు. కంటైనరూ అంతే. దిగుమతులు ఎక్కువగా దిగే చోట ఖాళీలు మిగులుతాయి, అక్కడ చవగ్గా దొరుకుతాయి. వరంగల్‌లో దిగుమతి తక్కువ. కాబట్టి మనకి కావాల్సిన డబ్బాని ఎవరో ఒకరు ఖాళీగా ఇక్కడిదాకా మోసుకురావాలి. ఆ కిరాయి ఎగుమతిదారు బిల్లులో ఏదో ఒక పేరుతో వచ్చి పడుతుంది.

సైజు తకరారు ఇంకోటి. బరువైన దిగుమతులు ఇరవై అడుగుల డబ్బాల్లో వస్తాయి. మిర్చికి, బట్టలకి కావాల్సింది నలభై అడుగుల ఎత్తు డబ్బా. ఎదురుగా యాభై ఖాళీలు పేర్చి ఉన్నా మనకి పనికొచ్చేవి ఐదే ఉండొచ్చు.

అందుకే షిప్పింగ్ లైన్లు ఇక్కడ ఖాళీల నిల్వ పెట్టడానికి ఒప్పుకుంటాయా లేదా అన్నది, భూమి ఎన్ని ఎకరాలు ఇచ్చారన్నదానికంటే పెద్ద ప్రశ్న. పేపర్‌లో మాత్రం ఎకరాలే వస్తాయి.

బందరు రేవు వచ్చేస్తోంది, దగ్గరే కదా. ఇంక మనకి తిరుగేముంది?

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. మచిలీపట్నం రేవుకి 2023 మేలో పనులు మొదలుపెట్టారు. మొదటి దశలో నాలుగు బెర్తులు, అంటే ఓడలు ఆగి సరుకు దించే చోట్లు. వరంగల్ నుంచి విజయవాడ రైల్లో 208 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి బందరు ఇంకో 80. మొత్తం 290 లోపు.

ఇంత దగ్గరైతే రైలుకి పనేంటి? డబ్బాని గోడౌన్ నుంచి డిపోకి లారీలో తేవాలి, దించాలి, రైలెక్కించాలి, రేవులో మళ్ళీ దించాలి. ఎత్తి దించిన ప్రతిసారీ డబ్బు. దూరం ఎక్కువుంటే రైలు కిరాయిలో మిగిలే డబ్బు ఈ ఖర్చుని మింగేస్తుంది. 290 కిలోమీటర్లకైతే ట్రైలర్ డ్రైవర్ రాత్రి భోంచేసి బయల్దేరి తెల్లారేసరికి రేవు గేటు దగ్గరుంటాడు. పైగా నాగపూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు మన పక్క నుంచే పోతోంది. అది పూర్తయితే లారీకి ఇంకా సుళువు.

రైలుకి లెక్క కుదిరేది దూరపు రేవులకి. విశాఖ 560 కిలోమీటర్ల దాకా ఉంటుంది, చెన్నై 640, ముంబై పక్కన నవ శేవా 850 పైనే. అమెరికా, యూరప్ వెళ్ళే పెద్ద ఓడలు నవ శేవాలో ఆగుతాయి. చిన్న రేవులో పెద్ద ఓడలు ఆగవు. అక్కణ్ణుంచి సరుకు ఇంకో రేవుకి చేరి ఓడ మారాలి. కాబట్టి బందరు దగ్గరపడ్డ కొద్దీ వరంగల్‌లో రైలు డిపో అవసరం పెరగదు, తగ్గుతుంది. ఈ మాటంటే మా మిత్రులు కొందరు నన్ను కోపంగా చూస్తారు. బందరు రావాలనే నేనూ కోరుకుంటున్నాను, గోల్కొండ కాలంలో మన బట్టలు ప్రపంచానికి పోయింది ఆ రేవు నుంచే. రేవు రావడం వేరు, మన ఊళ్ళో డిపో నడవడం వేరు.

బయటి ఊళ్ళలో ఇలాంటివి పెడితే ఏమైంది?

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో గ్రీర్ అని చిన్న ఊరు. అక్కణ్ణుంచి చార్ల్‌స్టన్ రేవు 340 కిలోమీటర్లు. 2013లో అక్కడ ఇన్‌లాండ్ పోర్ట్ తెరిచారు, బాగా నడిచింది. ఇందాక నేను చెప్పిన దూరం లెక్కకి ఇది ఎదురుగా ఉంది కదా అంటారు. చూడండి, ఆ పక్కనే స్పార్టన్‌బర్గ్‌లో బీఎండబ్ల్యూ కార్ల ఫ్యాక్టరీ 1994 నుంచి నడుస్తోంది. దానికి రోజూ విడిభాగాలు దిగాలి. రెండు వైపులా సరుకు, రాత్రికి రాత్రి చేరే రైలు. ఫ్యాక్టరీ వచ్చిన 19 ఏళ్ళకి పోర్ట్ వచ్చిందన్న సంగతి మన నాయకులకి ఎవరైనా చెబితే బాగుండు.

జర్మనీలో డ్యూస్‌బర్గ్ కథ వేరు. ఉక్కు, బొగ్గు ఊరు. 1993లో రైన్‌హౌసెన్‌లో క్రుప్ ఉక్కు కర్మాగారం మూతపడింది. ఆ ఖాళీ స్థలంలోనే తర్వాత గిడ్డంగులు, కంటైనర్ యార్డులు లేచాయి. చైనా నుంచి రైళ్ళు అక్కడిదాకా వస్తాయి. ఊరు కోలుకుందా అంటే కొంతవరకు కోలుకుంది. ఉక్కు పోయినచోట వచ్చిన ఉద్యోగాలన్నీ ఉక్కు జీతాలివ్వవు. ఇంకో సంగతి, డ్యూస్‌బర్గ్‌కి రైన్ నది ఉంది. మనకి భద్రకాళి చెరువుంది.

మన దేశంలో చూస్తే, 2018 నవంబర్‌లో వారణాసిలో గంగ ఒడ్డున టెర్మినల్ ప్రారంభమైంది. కోల్‌కతా నుంచి మొదటి కంటైనర్లు పడవలో వచ్చినప్పుడు టీవీలన్నీ చూపించాయి. ఆ తర్వాత అనుకున్నంత సరుకు రాలేదు. మహారాష్ట్రలో జాల్నా డ్రై పోర్ట్‌కి 2015లో శంకుస్థాపన చేస్తే పనులు ఏళ్ళ తరబడి సాగాయి. జాల్నాలో ఉక్కు మిల్లులున్నాయి, విత్తనాల కంపెనీలున్నాయి, సరుకు లేని ఊరేం కాదు. శిలాఫలకానికీ మొదటి రైలుకీ మధ్య ఎంత కాలం గడవొచ్చో తెలియడానికే ఇది చెబుతున్నాను.

ఎన్ని ఉద్యోగాలు వస్తాయి?

డిపో గేటు లోపల చూస్తే తక్కువ. డబ్బాలెత్తే యంత్రాన్ని రీచ్ స్టాకర్ అంటారు. 45 టన్నుల దాకా ఎత్తుతుంది, నడిపేది ఒక్కడే. గేటు దగ్గర నలుగురు, ఆఫీసులో కొందరు, కస్టమ్స్ సిబ్బంది, సెక్యూరిటీ. ‘వేల ఉద్యోగాలు’ అని ఫ్లెక్సీ కనబడితే గేటు బయటివి కూడా కలిపి, ఇంకొన్ని ఊహించి రాశారనుకోండి.

గేటు బయటైతే కథ ఉంది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీల దగ్గర చాపలేసుకుని కూర్చుని మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళని చూసే ఉంటారు. తొడిమ తీసిన కాయకి బయట మంచి ధర. రంగు ప్రకారం ఏరడం, గ్రేడింగ్, ప్యాకింగ్, ధూపనం (పురుగు పట్టకుండా మందు పొగ పెట్టడం), ల్యాబ్ పరీక్షలు, ట్రైలర్లు, టైర్ల షాపులు, దాబాలు – ఎగుమతి ఊళ్ళోనే జరిగితే ఈ పనులు ఊళ్ళోనే ఉంటాయి. ఇప్పుడు ఇందులో సగం గుంటూరులో జరుగుతోంది. డ్రై పోర్ట్ వల్ల మనకి రాగల పెద్ద లాభం ఇదేనని నా ఉద్దేశం. కాకపోతే డిపో తెరిచిన మర్నాడే ఇదంతా రాదు. గుంటూరుకి ఆ పనితనం రావడానికి దశాబ్దాలు పట్టింది.

హమాలీల పని పోతుందా?

డిపోలో పెద్దగా పని దొరకదు. కానీ కంటైనర్‌లో మిర్చి బస్తా పేర్చే యంత్రం మా దగ్గరికి ఇంకా రాలేదు. గోడౌన్‌లో పని ఉంటుంది. కూలి రేటు ఎవరు నిర్ణయిస్తారన్నదే తర్వాత గొడవ అవుతుంది.

రైతుకి ధర పెరుగుతుందా?

నేరుగా పెరగదు. తేజ మిర్చి ధర చైనా కొంటోందా లేదా, కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వ ఎంతుంది, కర్ణాటకలో పంట ఎలా ఉంది అన్నవాటి మీద ఆడుతుంది. రవాణాలో క్వింటాల్‌కి కొంత మిగిలినా అది ముందు ఎగుమతిదారు జేబులోకి వెళ్తుంది. యార్డులో కొనేవాళ్ళు ఎక్కువై పోటీ పెరిగితేనే అందులో కొంత రైతు దాకా వస్తుంది. బయటి ఎగుమతిదారులు ఇక్కడే ఆఫీసు తెరిచి వేలంపాటలో కూర్చునే రోజొస్తే తేడా తెలుస్తుంది.

వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. ఎర్రగా, లావుగా, కారం తక్కువగా ఉంటుంది. రంగు కోసం కొంటారు. ఇలాంటి సరుకుకి రైలు నిండాల్సిన పనిలేదు. ఒక్క డబ్బా జాగ్రత్తగా, చెప్పిన రోజుకి వెళ్తే చాలు. నన్నడిగితే రైతుకి లాభం ఈ దారిలోనే ముందు కనబడుతుంది.

గోదావరి మీద పడవల్లో పంపలేమా?

జాతీయ జలమార్గం-4లో భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా గోదావరి కూడా ఉంది, కాగితం మీద. వేసవిలో భద్రాచలం దగ్గర నదిలో నడిచి చూసినవాళ్ళకి నేను చెప్పాల్సింది లేదు.

అనుమతి ఎవరిస్తారు? ఎవరు నడుపుతారు?

రాష్ట్రం భూమి, రోడ్డు, కరెంటు ఇవ్వగలదు. ఐసీడీ అనుమతి మాత్రం కేంద్రం చేతిలో ఉంటుంది. పట్టాలు రైల్వే చేతిలో. నడిపేది కాన్‌కార్ కావచ్చు, ప్రైవేటు కంపెనీ కావచ్చు.

రైల్వే ముక్క దగ్గర ఆగుదాం. కాజీపేట పెద్ద జంక్షన్, ఢిల్లీ–చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది. ఇది గొప్పే, ఇదే తలనొప్పి కూడా. ఆ లైన్ మీద ప్యాసింజర్ రైళ్ళు, బొగ్గు రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి. ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి గూడ్స్ బండి లూప్ లైన్‌లో గంటలకొద్దీ నిలబడుతుంది. ఓడకి కటాఫ్ ఉంటుంది, గూడ్స్ బండికి టైంటేబుల్ ఉండదు. మూడో లైన్ పనులు పూర్తయితే కొంత ఊపిరి. ఫలానా వారం ఫలానా రోజు రైలు బయల్దేరుతుంది అని రాతపూర్వకంగా హామీ దొరికితే, నాకు దాని విలువ యాభై ఎకరాల కంటే ఎక్కువ.

ఇప్పుడే అక్కడ ప్లాటు కొనుక్కోమంటారా?

‘అక్కడ’ అంటే ఎక్కడో ముందు చెప్పమనండి. స్థలం ఖరారు కాకముందే ‘డ్రై పోర్ట్‌కి ఐదు నిమిషాల దూరం’ అని బ్రోచర్ అచ్చేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఇంకోటి, డిపో పక్కన ఇల్లంటే రాత్రంతా ట్రైలర్ల హారన్లు, దుమ్ము. గిడ్డంగికి మంచి చోటు ఇంటికి మంచి చోటు కాదు.

భూమి పోయేవాళ్ళ మాటెవరూ అడగరు. అడుగుతున్నాను. పత్తి, మక్క వేసుకునే రెండెకరాల రైతుకి 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం వస్తుంది. డిపోలో ఉద్యోగం తప్పకుండా వస్తుందన్న హామీ మాత్రం లేదు, ఆ చట్టంలో ఉద్యోగానికి బదులు డబ్బిచ్చే దారీ ఉంది. పైన చెప్పానుగా, గేటు లోపల ఉండేవే కొన్ని ఉద్యోగాలు.

అయితే మీరు వద్దంటారా?

వద్దనను. పెద్దది ముందు వద్దంటాను. మొదట టెక్స్‌టైల్ పార్కుకి దగ్గర్లో ఓ చిన్న యార్డు. షిప్పింగ్ లైన్లతో మాట్లాడి అందులో నలభై అడుగుల ఖాళీలు వందో రెండొందలో ఎప్పుడూ ఉండేలా చూడాలి. డబ్బా కడిగే ఏర్పాటు, చిల్లులు మూసే వెల్డరు అక్కడే ఉండాలి. కస్టమ్స్ అధికారి వారానికి కొన్ని రోజులు కూర్చోవాలి. మిర్చి శాంపిల్ పరీక్ష ఇక్కడే అయ్యే ల్యాబ్ ఉండాలి. ఇప్పటికి లారీలోనే పంపుదాం, బందరుకో విశాఖకో సనత్‌నగర్‌కో. రెండు మూడేళ్ళు డబ్బాల లెక్క రాసిపెట్టుకుందాం. అది వారానికి ఒక రైలుకి దగ్గరపడ్డప్పుడు పట్టాలడుగుదాం. అప్పుడు రైల్వే వాళ్ళ ముందు మనం పెట్టేది వినతిపత్రం కాదు, గిరాకీ లెక్క.

ఇది శిలాఫలకం వేసుకునేంత పని కాదు కాబట్టి ఎవరికీ నచ్చదని నాకు తెలుసు.

హైదరాబాద్ దగ్గర రాష్ట్ర డ్రై పోర్ట్ నిజంగా వస్తే మనకి అది 145 కిలోమీటర్లలోనే ఉంటుంది. అప్పుడు ఇంత దగ్గర్లో రెండోది ఎందుకు అని కేంద్రం అడుగుతుంది, న్యాయమైన ప్రశ్నే. దానికి అనుబంధంగా చిన్న యార్డు అడిగితే ఒప్పించడం తేలిక.

మా అబ్బాయి డిగ్రీ అయిపోయింది. ఈ లైన్‌లో భవిష్యత్తుందా?

డ్రై పోర్ట్ వచ్చినా రాకపోయినా ఉంది. ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ కాగితాల పని చేసిపెట్టే బ్రోకర్ దగ్గర (మేమింకా సీహెచ్‌ఏ అనే అంటాం) రెండేళ్ళు పనిచేయనివ్వండి. జీతం మొదట్లో తక్కువే ఇస్తారు, టెన్షన్ మాత్రం ఫుల్లు. షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం, వేయడం వచ్చాక బ్రోకర్ ఉద్యోగులకి పెట్టే జీ-కార్డ్ పరీక్ష రాయొచ్చు, ఆ తర్వాత బ్రోకర్ లైసెన్స్ పరీక్ష. ఇంగ్లీషు కంటే ముందు అంకెలు చూసే ఓపిక ఉండాలి. ఎండు మిర్చి కాయకి కస్టమ్స్ కోడ్ 090421, దాన్నే దంచి కారం చేస్తే 090422. ఆ చివరి అంకె తప్పు పడితే డబ్బా రేవులో కూర్చుంటుంది, మనం ఫోన్ దగ్గర కూర్చుంటాం.